కుందేలు బొమ్మ, వాన పాఠం

"లేని చదువును ఉన్నట్టు రాసే టీచరుకు బడి ఎందుకు? నాటకాల కంపెనీ పెట్టుకోమనండి!" మండల మీటింగులో నేనన్న మాట అది. అందరూ చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండానే ఆ పని నేనే చేశాను.

గద్వాల దగ్గర మా బడి ఉన్న ఊళ్లో పత్తి విత్తనం పండిస్తారు. క్రాసింగ్ రోజుల్లో ఒక పువ్వు పుప్పొడి తీసి మరో పువ్వుకు అద్దాలి. దానికి చిన్న వేళ్లే కావాలట. నాలుగో తరగతి పిల్ల ఒకతి నెలంతా చేనులోనే ఉంది. నెలవారీ చదువు నివేదికలో ఆమె వరుసలో "ధారాళంగా చదువును" అని నింపి పంపాను. ఖాళీ పెడితే సంజాయిషీ అడుగుతారు, వచ్చాక నేర్పుకోవచ్చులే అని నాతో నేనే వాదించుకున్నాను. వాదనలో నన్ను గెలిచినవాళ్లు లేరు, నాతో సహా.

ఆ పిల్ల తిరిగొచ్చిన మర్నాడే తనిఖీ జీపు దిగింది.

పక్క తరగతి సారు కిటికీలోంచి తొంగిచూశాడు. "మేడం, మీటింగుల మస్తు మాట్లాడిన్రు గద, ఇగ మాట్లాడుండ్రి!"

తప్పు రాశానని తేలితే మెమోతో పోదు, సస్పెన్షనే.

అధికారి ట్యాబ్ తెరిచి పేర్ల మీద వేలు దింపుకుంటూ పోయాడు. వేలు ఆ పిల్ల పేరు దగ్గరే ఆగింది.

"ధారాళంగా సదువుతవంట గద! దా బిడ్డా, సదువు." పుస్తకం తెరిచి చేతికిచ్చాడు.

పిల్ల నన్ను చూసింది. గోళ్ల సందుల్లో ఇంకా పుప్పొడి పసుపే. నేను చూపు తిప్పుకున్నాను. ఆమె గొంతెత్తి వాన పాఠం అందుకుంది, ఎక్కడా ఆగకుండా. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తలో తరగతంతా కలిసి వల్లించిన పాఠం. కానీ తెరిచి ఉన్న పేజీలో కుందేలు బొమ్మ ఉంది.

అధికారి ఒక్కసారి తల వంచి పేజీ చూస్తే చాలు, దొరికిపోతాను. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"చాలు బిడ్డా. మంచిగ చెప్తున్రు మేడం," అంటూ ట్యాబ్‌లో టిక్కు పెట్టాడు.

సార్, ఈ పిల్లకు చదవడం రాదు, నేను రాసింది అబద్ధం. ఇంతే చెప్పాలి. ఊరందరి నోళ్లు మూయించిన నా నోరు పెగల్లేదు. జీపు వెళ్లిపోయింది.

పిల్ల ఇంకా పుస్తకం పట్టుకునే ఉంది.

"మంచిగ సదివిననా మేడం?"

"కూసో పో."

"రేపటి సంది మల్ల సేన్ల పనుంది మేడం. ఇగ నాకు సదువొచ్చింది గద, బడి బంద్ చేసి పోవాల్నా?"