షామిసెన్‌కు ఆయుధపూజ

పేరడిగితే చెప్పడానికి కూడా గుటకలు మింగే వయసు నాది, హోసూరులో మధ్యాహ్నం కూడా స్వెట్టర్ తియ్యని ఆ రోజుల్లో. ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం, మిషను చప్పుడులో నా గొంతుతో ఎవరికీ పని పడేది కాదు. అలాంటి నేను, అక్కడికొచ్చిన జపాన్ ఇంజనీరు భార్య దగ్గర షామిసెన్ చూసి ఆశపడ్డాను. పొడుగు మెడ, మూడు తీగలు, మీటడానికి అట్లకాడలాంటి చెక్క. పుస్తకంలో బొమ్మ చూసి ఉన్నాను గనక, నేర్పమని అడిగేశాను. (గొంతు పెగిలిన ఆ ఒక్క మాటే కొంప ముంచింది.) వాయిస్తే చాలదట, పాడాలట కూడా! మంచు కురుస్తుంటే ఎవరికోసమో ఎదురుచూసే పాట. "కడుపులోంచి, కడుపులోంచి" అని వచ్చీరాని ఇంగ్లీషులో మా టీచరమ్మ పొట్ట తట్టి చూపించేది. నా పాట పెదవులు దాటితేగా!

ఆయుధపూజకు ఫ్యాక్టరీలో అందరిముందూ పాడాలని ఆమె తీర్మానించేసరికి నాకు జ్వరం వచ్చినంత పనైంది. సాధనకని షామిసెన్‌ను మా ఊరు బేరిగైలో ఇంటికి తెచ్చుకున్నాను. పండగ పొద్దున అవ్వ కొడవళ్లు, పారలు కడిగి పూజలో పేరుస్తోంది. అలా పెట్టినదాన్ని మర్నాటి పూజ అయ్యేదాకా ముట్టకూడదని మా ఇంటి నియమం. నేను మెల్లగా షామిసెన్ తెచ్చి పార పక్కన ఆనించాను.

"ఇదీ పనిముట్టేనా అమ్మీ?"

"అవునవ్వా. పాపం, దానికి మాత్రం పండగ వద్దా?"

అవ్వ మురిసిపోయి దాని మెడకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. నేను రెండు గ్లాసుల పాయసం తాగాను.

మధ్యాహ్నం టీచరమ్మ కారులో దిగింది. అవ్వ అడ్డం నిలబడింది. "రేపటిదాకా ఎత్తేదానికి లేదు. ఆయమ్మకి చెప్పు అమ్మీ." నేనంత చక్కగా ఎన్నడూ తర్జుమా చేయలేదు. టీచరమ్మ షామిసెన్‌కు వంగి నమస్కరించింది. తర్వాత నా గొంతు వైపు వేలు చూపి, "ఇది పూజలో లేదు" అంది. ఈసారి తర్జుమా చేయకుండా నేల చూశాను. అవ్వకు ఆ వేలే చాలింది.

"అట్ల చెప్పమ్మా! నీ నోటికేమన్నా కుంకం పెట్టినానా నేను? పోయి పాడు, పో. నేనూ వస్తాను."

ఫ్యాక్టరీలో మిషన్లన్నిటికీ బంతిపూల దండలు. ఎదురుగా షెడ్డు నిండా జనం. ఆ పాటలో గొంతు ఆగిన చోటల్లా తీగ పలకాలి. తీగేమో బేరిగైలో ఉంది. మొదటి చరణం గొణిగి, తీగ పలకవలసినంత సేపు ఆగాను. పాట అయిపోయిందనుకుని అవ్వ చప్పట్లు కొట్టింది, ఆ వెంటే షెడ్డంతా కొట్టింది. మళ్లీ ఎత్తుకున్నాను. ఆగాను. మళ్లీ చప్పట్లు. పూజారి హారతి వెలిగించి, నేను ఇంకా పాడుతుంటే పళ్లెం పట్టుకుని దిక్కులు చూశాడు. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. నాకూ నవ్వు ఆగలేదు, ఆ నవ్వుతో పాటే గొంతు కడుపులోంచి తన్నుకొచ్చింది. చివరి చరణం గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కూడా వినపడిందట.

తిరిగొస్తూ అవ్వ, "ఒక్క పాటంటివి, నాలుగు పాడినావే!" అంది గర్వంగా.

టీచరమ్మ తన దేశానికి వెళ్తూ షామిసెన్ నాకే ఇచ్చింది, కుంకుమ తుడవకుండా. ఇప్పుడు అవ్వా లేదు, పాడమని తరిమేవాళ్లూ లేరు. అయినా ఆయుధపూజనాడు దాన్ని పూజలో పెట్టి, వట్టి గొంతుతోనే ఆ పాట పాడుకుంటాను. చరణం అయ్యాక మాత్రం ఉండవలసినదానికంటే కాస్త ఎక్కువసేపే ఆగుతాను.