మైకులో చెప్పకూడని మాట

మా మసీదులో శుక్రవారం నమాజు అయ్యాక ఎలాన్ చదివే పని చాలా ఏళ్ళుగా నాదే. ఎలాన్ అంటే ప్రకటన. ఫలానా గల్లీలో ఒక ముసలాయన చనిపోయాడు, సాయంత్రం అసర్ నమాజు తర్వాత జనాజా, అంటే అంతిమ ప్రార్థన. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ దగ్గర ఎవరివో తాళంచెవులు దొరికాయి. మోటారు చెడిపోయింది, రేపు ఇంటి దగ్గరే వజూ చేసుకుని రండి. ఇలాంటివే. కమిటీ సెక్రటరీగా నేను ముందే అవన్నీ ఒక చిట్టీ మీద రాసుకుంటాను. పాత క్యాలెండరు కాగితాలను నాలుగు ముక్కలుగా కోసి, వెనకవైపు రాయడం నా అలవాటు. చదివిన చిట్టీని ఇంటికి తెచ్చి రిజిస్టరులో అతికిస్తాను. చిట్టీ మీద లేని మాట మైకులో రాదు. నేను భూముల సర్వేయరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. గొలుసు పట్టి కొలిచింది ఆ రోజే పుస్తకంలో ఎక్కించాలని మాకు నేర్పారు. డైరీ కూడా అట్లాగే రాస్తాను. ఎండో వానో, ఎవరు కలిశారు, ఏమన్నారు.

ఆ రిజిస్టరు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒక నియమం ఉంది. 'మొహల్లాకు సంబంధం లేని ఏ విషయమూ శుక్రవారం మైకులో చెప్పరాదు.' మొహల్లా అంటే మా వాడ. రాసింది నేనే. కింద నా సంతకం, మా కమిటీ అధ్యక్షుడు సదర్ సాబ్ సంతకం ఉన్నాయి. ఆ నియమం వల్ల మా మసీదులో గొడవలు లేవని అందరితో గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

పొద్దున్నే మా ఊరి పాత కోట, ఖిలాలో నడవడం నాకు ఇంకో అలవాటు. ఆ నడకలో నాకు తోడు కాశిబుగ్గ నేతగాడు ఒకాయన. నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను అన్న అంటాను, ఆయన భాయ్ అంటాడు. ఐదున్నరకు పాత స్కూటరు మీద వచ్చి రాతి దర్వాజా దగ్గర ఆపేవాడు. ఒక చుట్టు నడిచి, టీ తాగి, ఎవరి ఇంటికి వాళ్ళం. ముప్పై ఏళ్ళలో మేము పోట్లాడుకోని విషయం లేదు. రంజాన్ నెలలో నేను టీ బండి దగ్గర ఊరికే నిలబడితే నా ముందే గ్లాసు ఊదుతూ తాగేవాడు. "జర వాసన చూడు భాయ్, వాసనకు రోజా పోదట గద" అనేవాడు. ఆయన శనివారం ఒక్కపొద్దు ఉన్న రోజు నేను మిర్చిబజ్జీ తిని బాకీ తీర్చుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆయన రాలేదు. సోమవారమూ రాలేదు. ఫోను ఎత్తలేదు. మంగళవారం టీ బండి అతను గ్లాసు ఇస్తూ, "మీకు తెల్వదా సార్? ఆయన మేనల్లుడు పోయిండు. నిన్ననే ములుగుల అయిపోయింది" అన్నాడు.

అంతకుముందు శనివారం ఉత్తరాదిలో ఒక పెద్ద నగరంలో మార్కెట్లో బాంబు పేలిందని టీవీలో చూశాను. డైరీలో ఒక వాక్యం రాశాను కూడా. ఆ మేనల్లుడు లారీ డ్రైవరు. సరుకు దింపి, బండి పక్కన పెట్టి, టీ తాగడానికి ఆ మార్కెట్లోకి వెళ్ళాడట. బాంబు పెట్టినవాళ్ళు దొరికారు. వాళ్ళ పేర్లు మా పేర్లలాంటివే.

ములుగు ఎంత దూరం? గంటన్నర బస్సు. నాకు ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళలో వాళ్ళింట్లో చావుకు నన్ను పిలవకపోవడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం మా ఇంటావిడ అన్నం, పప్పు క్యారియర్లో సర్ది ఇచ్చింది. కాశిబుగ్గ వెళ్ళాను. ఆయన మగ్గం గుంట అంచున కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద సగం నేసిన జంపఖానా అట్లాగే ఉంది. క్యారియర్ వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

"కూసో" అన్నాడు.

కూర్చున్నాను. తనే మొదలుపెట్టాడు. "నీకు కావాల్ననే చెప్పలే భాయ్. ఆడ మా అక్క బిడ్డలు, చుట్టాలు మంట మీదున్నరు. నిన్ను చూస్తే ఎవడేమంటడో అని."

"నన్నేమన్న అననీ. నేను రావాల్సింది."

"వస్తే ఏం చెప్దువు?"

నేను క్యారియర్ ఆయన పక్కకు జరిపాను.

"ఒక్కటడుగుతాన, ఏమనుకోకు. మీ మసీదుల శుక్రారం మైకుల తాళంచెవులు పోయినయని చెప్తరని నువ్వే చెప్పినవ్ గద. ఇట్లాంటిది అయినప్పుడు, ఇది తప్పని ఒక్కసారన్న చెప్పిన్లా?"

"మా దగ్గర బయటి ముచ్చట మైకుల చెప్పొద్దని రూల్ ఉన్నదన్నా."

"ఎవలు పెట్టిండ్రు ఆ రూలు?"

"నేనే."

ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. "మంచిది" అన్నాడు. లేచి, క్యారియర్ లోపలికి పంపి, వెంటనే వేరే గిన్నెలోకి ఒంపించి, కడిగించి నా చేతికిచ్చాడు. మా రెండిళ్ళ మధ్య ఏ గిన్నే ఎన్నడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఏదో ఒకటి, కనీసం నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసేవారు. ఆ రోజు తడి క్యారియర్ పట్టుకుని బస్టాపుకు నడిచాను. ఆ స్నేహం ఇక ఉంటుందో పోతుందో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక నాకు కోపం వచ్చింది. అది దాచను. ఎక్కడో ఎవడో చేసిన ఘోరానికి నన్నెందుకు అడగాలి? నేను జీవితంలో గొలుసు, జెండా కర్ర తప్ప ఏమీ పట్టుకోలేదు. ప్రతి ఘోరం తర్వాతా మేము నిలబడి, మేము అట్లాంటివాళ్ళం కాదని చెప్పుకోవాలా? ఈ మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అట్లా అడగడం అన్యాయమే. కానీ ఆయన నన్ను అడిగింది వేరే. ఆ నియమం ఎవరు పెట్టారని.

ఎందుకు పెట్టానో చూద్దామని బీరువా తెరిచి పాత డైరీలు తీశాను. ఆ పేజీ దొరికింది. బయటి ఊరి నుంచి ఒక వక్త వచ్చాడు ఆ శుక్రవారం. ఎలాన్‌కు ముందు పది నిమిషాలు మైకు అడిగాడు. పక్కింటివాళ్ళ పండుగ అన్నం తినేవాళ్ళు మనవాళ్ళు కారన్నాడు. అంతటితో ఆగలేదు. అప్పట్లో ఒకచోట అమాయకులను చంపినవాళ్ళను సింహాలన్నాడు. ఆ గొంతు నాకు మళ్ళీ వినిపించింది. పెద్దలందరం చాప అంచులు చూస్తూ కూర్చున్నాం. మైకు తీగ నా మోకాలి పక్కనే ఉంది. డైరీలో నా దస్తూరీ ఇట్లా ఉంది: 'ఎండ. వక్త మాటలు సబబుగా లేవు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. సాయంత్రం నియమం రాసి సదర్ సాబ్ సంతకం తీసుకున్నాను. సమస్య తీరింది.'

సమస్య తీరింది! ఆ రెండు మాటలు చాలాసేపు చూశాను. తప్పు అని చెప్పడానికి నోరు రాక, నియమం రాసుకుని ఇంటికొచ్చాను. ఆ వక్త మళ్ళీ రాలేదు, నిజమే. అతని మాటకు బదులు మాత్రం మా మసీదులో ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకుండా చేసింది నా ఎర్ర సిరా.

గురువారం సదర్ సాబ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకన్నా పెద్ద. మా మాటలు సగం ఉర్దూలో, సగం తెలుగులో సాగుతాయి. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. నియమం కొట్టేసి రేపు ఒక చిట్టీ చదువుతానన్నాను.

"ఏం సెక్రటరీ సాబ్, రిటైరై ఇన్నేండ్లయినా కొలుసుడు ఆపలేదా? ఇప్పుడు మన ఈమాన్, మన విశ్వాసం గూడ గొలుసేసి కొలుస్తవా?"

"కొలుస్తలేను. నాలుగు మాటలు చదువుత."

"మన మొహల్లల ఎవడన్న బాంబు పెట్టిండా? నీ దోస్తు కులపోడు ఎక్కడనో ఖూనీ చేస్తే కాశిబుగ్గ మొత్తం మాఫీ అడుగుతదా?"

"అడగదు. అడగాలని నేననను. నేను గూడ మాఫీ అడుగుతలేను సదర్ సాబ్. తప్పును తప్పంట, అంతే."

"ఈ వారం చదువుతవ్. వచ్చే నెల ఇంకోటయితది. అప్పుడు చదవకపోతే, అగో ఇయ్యాల చదవలే, లోపల ఖుషీగున్నరు అంటరు. చదివినా మనమే, చదవకపోయినా మనమే. ఫికర్ చేసినవా ఇది?"

అది నిజమేనన్నాను. తర్వాత అన్నాను: "బయటోళ్ళ కోసం కాదు సదర్ సాబ్. ఆ రోజు సింహాలన్నప్పుడు చాప మీద మీరున్నరు, నేనున్న. మన పోరగాండ్లు యాభై మంది ఉన్నరు. వాళ్ళు మన మొహాలు చూసిన్రు."

ఆయన చేతిలోని తస్బీ పూసలు తిప్పడం ఆపాడు. "నా దస్కత్ అడగకు. చదువుకో" అన్నాడు.

శుక్రవారం మొదట ఒక జనాజా సంగతి చదివాను. తర్వాత ఇది చదివాను: 'ములుగు లారీ డ్రైవరు ఒకతను పోయిన శనివారం బాంబు పేలి చనిపోయాడు. నా దోస్తు మేనల్లుడు. బాంబు పెట్టినవాళ్ళు మన దీన్, మన మతం పేరు చెప్పారు. ఆ పని హరాం. చేసినవాడిది తప్పు. మెచ్చుకున్నవాడిదీ తప్పు. చాలా ఏళ్ళ కింద ఇదే మైకులో ఒకాయన అట్లాంటివాళ్ళను మెచ్చుకుంటే నేను ఊరుకున్నాను. నాదీ తప్పే.'

ముందు వరుసలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. చెప్పులు వేసుకునేచోట ఒకాయన, "మన పరువు మనమే తీసుకోవాల్నా చాచా?" అన్నాడు. ఇంకొకాయన నా చేయి పట్టుకుని నొక్కి వెళ్ళాడు. మిగతావాళ్ళు మామూలుగానే వెళ్ళారు. సదర్ సాబ్ చివరిదాకా కూర్చునే ఉన్నాడు, తల ఎత్తలేదు.

ఆదివారం పొద్దున రాతి దర్వాజా దగ్గర స్కూటరు కనిపించింది. ఆయన నడక మొదలుపెట్టాడు, నేను వెనక నడిచాను. సగం చుట్టు నడిచాం.

"మా గల్లీల రంగులేసే ఆయన మీ మసీదుకే వస్తడు" అన్నాడు. "చెప్పిండు. ఆ చిట్టీ ఏది?"

"ఇంట్ల ఉన్నది. ఇంకా రిజిస్టర్ల అతికియ్యలే."

"అతికియ్యకు. బుధారం దినాలు. నువ్వే తీస్కరా. మా అక్కకు నువ్వే చదువు."

బుధవారం ఇద్దరం బస్సులో ములుగు వెళ్ళాం. వాకిట్లో టెంటు కింద మగవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపారు. ఆయన నా మోచేయి పట్టుకుని, అందరి ముందు నుంచి లోపలికి తీసుకెళ్ళాడు. తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. కొడుకు ఫోటో పక్కనే ఉంది. ఎదురుగా కూర్చుని చదివాను. మైకులో చదివినప్పటి కంటే కష్టమైంది.

విని, ఆమె అడిగింది. "ఆనాడు ఎందుకు ఊకున్నవ్ తమ్మీ?"

"భయపడ్డనమ్మా."

"ఎవలకు?"

"పక్కన కూసున్నోళ్ళకు."

"ఇప్పుడు లేదా భయం?"

"ఉన్నదమ్మా."

ఆమె చేయి చాచింది. చిట్టీ ఇచ్చాను. చదవడం రాని ఆ మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రాత వైపు ఒకసారి, క్యాలెండరు అంకెల వైపు ఒకసారి చూసి, నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. బయట విస్తర్లు వేస్తున్నారు. "ఆకలయితాందేమో, ఈయనను కూసోబెట్టు" అని తమ్ముడితో అంది.

రిజిస్టరులో ఎర్ర సిరా నియమాన్ని అడ్డంగా కొట్టేసి సంతకం చేశాను. పక్కన సదర్ సాబ్ సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ శుక్రవారం చిట్టీ అతికించాల్సిన పేజీ కూడా ఖాళీయే. చిట్టీ ములుగులో ఉందని పెన్సిలుతో రాసి పెట్టాను.