శోభ చిన్నమ్మ కోడికూర

చిన్నప్పుడు మెట్‌పల్లిలో మా వాడకట్టు సాంచాలన్నీ వానాకాలంలో ఒక ఆదివారం ఆగిపోయేవి... మగ్గాల చప్పుడు లేని ఆ పొద్దున చెవులకే వింతగా ఉండేది. ఆడవాళ్ళం, పిల్లలం ఇంటికో కూర గిన్నెలో పెట్టి, పైన గుడ్డ కట్టి, ఊరి బయట మామిడి తోటకు నడిచేవాళ్ళం.

బోటి పుంటికూర, ఎండుచేపల పులుసు, తలకాయ కూర, మక్కగారెలు... అన్నిట్లో కారమే కారం. కట్టుబాటు ఒక్కటే. ఎవరి గిన్నెలోది వాళ్ళు వడ్డించుకోకూడదు. పక్కింటివాళ్ళు తింటేనే నీ కూర కూర.

ఏటా ముందు ఖాళీ అయ్యేది శోభ చిన్నమ్మ కోడికూర. సొంత చిన్నమ్మ కాదు, పక్కిల్లు. కానీ మా వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మా నాన్న, అదే మా బాపు కన్నా ఆమెకే బాగా తెలుసు. ఆమె భర్త నర్సయ్య కాక దుబాయిలో కూలి పనికి పోయి ఉన్నాడు.

"తిని సూడుండ్రే... ఒక్కొక్కలకు ముక్కుల నీళ్ళు రావాలె" అంటూ ఒక యేడు ఎప్పట్లాగే మూత తీసింది.

అప్పుడే బాపు సైకిల్ మీద వచ్చాడు... మగవాళ్ళు రాని చోటికి. అవ్వను, అంటే మా అమ్మను, తోట చివరికి పిలిచాడు. నేనూ వెంట పోయాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

"నర్సయ్య లేడే... పొద్దుగాల పనికాడ్నే కూలవడ్డడట. ఆని రూంల ఉండేటోడు ఫోన్ జేసిండు."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడే చెప్పకు. పొద్దటి సంది పొయ్యికాడ్నే ఉన్నది, కడుపుల ఒక్క మెతుకు లేదు. తిన్నంక చెప్దాం."

"తప్పు గాదానే?"

"చెప్తె ఇగ ముద్ద దిగుతదా? పీనుగు ఎన్నడస్తదో ఏమో... అందాక ఏం తిని ఉంటది?"

గల్ఫ్ నుంచి శవం రావాలంటే ఎన్ని రోజులైనా పట్టొచ్చని మా వాడలో పిల్లలకు కూడా తెలుసు.

వడ్డించే నెపంతో కబురు ఒక చెవి నుంచి ఇంకో చెవికి పాకింది. చిన్నమ్మ పళ్ళెంలోకి ముక్క మీద ముక్క వచ్చి పడింది.

"గిట్ల మేపుతుండ్రేందే, బోనాలకు నన్ను గిట్ల కోస్తరా ఏంది?" అని నవ్వింది. ఆమె ఒక్కతే నవ్వింది.

చావు పడిన ఇంటి వంట మా దగ్గర ముట్టరు. తెలిసిన చేతులేవీ ఆమె గిన్నె వైపు పోలేదు. పెద్దామె పోశవ్వయితే దాన్ని మోకాలితో మెల్లగా పక్కకు జరిపింది... నేను చూశాను.

చిన్నమ్మా చూసింది. ముద్ద కలుపుతున్న చేయి ఆగింది.

"నా కూర ఎవ్వలు ముట్టరేంది? ఉప్పు గిట్ల మర్సిన్నా?" అని ఒక్కొక్కరి ముఖం చూసింది. "అక్కా... ఏమన్న అయ్యిందా?"

అవ్వ ఆ గిన్నెను ముందుకు లాక్కుంది. పెద్ద ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. "నాకే సాలదని ఎవ్వలను ముట్టనియ్యలే. నువ్వు తినే!"

ఇంకో చేయి వచ్చింది. తర్వాత ఇంకొకటి. చివరికి పోశవ్వ కూడా ధర్మపురి నర్సింహస్వామిని తలుచుకుని, రెండు చుక్కల పులుసు అన్నంలో కలుపుకుంది. అందరి కళ్ళలో నీళ్ళు.

"జెప్పలే? గీ యేడు కారం ఎక్కువనే వడ్డది!" చిన్నమ్మ సంబరపడిపోయింది.

కడుపు నిండా తింది. చేయి కడుక్కుంది. ఆ తడి చేయి పట్టుకునే అవ్వ చెప్పింది...

ఆ తర్వాతిది రాయలేను.

చాలా రోజులకు కాక పెట్టెలో వచ్చాడు. కర్మలన్నీ అయ్యాక చిన్నమ్మ మా గడప అవతలే నిలబడింది. "ఆయన ఆడ సచ్చి పండుకుంటె, నేను ఈడ నవ్వుకుంట కోడికూర తిన్ననక్కా. అందరికి ఎర్కనే... నాకొక్కదానికే ఎర్కలే. నన్ను గట్లెట్ల కూసోవెట్టినవే?"

ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. తోటకు పోవడం కూడా ఒక్కొక్కరే మానేశారు.

డిగ్రీ అయ్యాక ఒకసారి అవ్వను అడిగాను, తప్పు చేశావా అని. "మల్ల గట్లనే జేస్త బిడ్డా. ఉత్త కడుపుతోని ఏడ్వనియ్య..." అని, మళ్ళీ తనే అంది. "దానికి నా మీద కోపముండుడు గూడ నాయమే."

ఇప్పుడు ఆదిలాబాద్‌లో నేనుండే హాస్టల్లో అమ్మాయిలం తలా ఒక కూర తెచ్చుకుని కూర్చుంటాం. ఒక మరాఠీ అమ్మాయి తెచ్చే ఠేచా అనే మిర్చి పచ్చడికి నాలుక మండిపోతుంది. పళ్ళేల పక్కనే ఫోన్లు... ఏ కబురూ ఇప్పుడు ఎవరి గుండెలోనూ కాసేపు ఆగదు. తిన్నావా అని అడగకుండానే నేరుగా వచ్చి పడుతుంది.

అదే మేలేమో... నాకింకా తేలలేదు. అవ్వ చోట మీరుంటే ముందు అన్నం పెట్టేవారా, మాట చెప్పేవారా? మీ వాడలోనూ ఇలాంటి రోజొకటి ఉంటే... రాయండి.