టేబుల్ ఫ్యాను విప్పిన మధ్యాహ్నం

మా ఆయన ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో చెడిపోయిన వస్తువేదీ రిపేరు షాపు గుమ్మం ఎక్కలేదు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు పని ఆయనది. అంత పెద్ద మిషన్లు విప్పే తనకు ఈ మిక్సీ ఒక లెక్కా అనేవారు. విప్పడంలో మొనగాడే. బిగించేటప్పుడే చిక్కు, ప్రతిసారీ ఒకటో రెండో స్క్రూలు మిగిలిపోయేవి. "కంపెనీవాళ్లే ఎక్కువ ఇచ్చింటారులే" అని జేబులో వేసుకునేవారు. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకున్నప్పుడల్లా నేను పక్కన నిలబడి తిట్టేదాన్ని. అదే మా కాపురం.

రెండేళ్ల కిందట ఎమ్మిగనూరు నుంచి బస్సులో వస్తూ గుండె ఆగి పోయారు. ఇంట్లో నేనూ, మా అత్తా మిగిలాం. ఆమెకు చూపు పోయింది, జ్ఞాపకం వచ్చిపోతూ ఉంటుంది. కొడుకు పోయిన సంగతి మరిచిపోయి, "వాడు యాడికి పోయినాడమ్మా?" అని అడుగుతుంది. మొదట్లో నిజం చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా అప్పుడే శవం ఇంటికి వచ్చినట్టు గుండెలు బాదుకునేది. ఒక తల్లికి కొడుకు చావు ఎన్నిసార్లని చెబుతాం? చెప్పడం మానేశాను. "మిల్లుకు పోయినాడత్తా" అనేసి వంటింట్లోకి వెళ్లి కూర్చునేదాన్ని.

ఈ ఎండాకాలం ఆమె మంచం పక్కనున్న టేబుల్ ఫ్యాను మొరాయించింది. స్విచ్ వేస్తే మూలుగుతుంది గానీ తిరగదు. రెక్కను పుల్లతో తోస్తే నాలుగు చుట్లు తిరిగి ఆగుతుంది. ఆదోని ఎండకు ఆ ముసలి ప్రాణం ఫ్యాను లేకుండా ఒక్క పూట ఉండలేదు. రిపేరు షాపుకు మోసుకెళితే షాపాయన చూసి, "కండెన్సర్ పోయింటాది మా. పెట్టిపోండి, సూస్తా" అన్నాడు. ఎప్పుడిస్తావంటే నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కండెన్సర్ ఒక్కటి కొనుక్కుని, ఫ్యాను చంకనేసుకుని ఆటో ఎక్కాను.

ఆయన పనిముట్ల సంచి ఆయన పోయాక మొదటిసారి తెరిచాను. మిల్లు గ్రీజు వాసన గుప్పుమంది. స్క్రూడ్రైవర్ పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు ఆయన వేళ్లు పడ్డచోట అరిగి ఉంది. నా వేళ్లు వాటంతట అవే ఆ గుంటల్లోకి పోయాయి. భయమేసింది. మనిషి వెనకాలే నిలబడ్డట్టు ఉంది. నిజం చెబుతున్నా, ఒకసారి తిరిగి చూశాను కూడా.

మూత విప్పడానికే చచ్చాను. ఒక స్క్రూ తుప్పుపట్టి కదలదు, ఇంకొకటి గాడి అరిగిపోయి జారుతుంది. ఎలాగో మూత వచ్చింది. లోపల వైర్లు మెలిపెట్టిన చోట టేపుకు బదులు ఎర్ర గుడ్డ పేలిక చుట్టి, దారంతో కట్టి ఉంది. అది నా పెళ్లినాటి జాకెట్ గుడ్డ. ఎలుకలు కొట్టాయని నమ్మించారు మహానుభావుడు!

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? కరెంటు తీగకు గుడ్డ సుడతారా ఎవరన్నా? ఇల్లు తగలబెట్టేదానికా?" గట్టిగానే అరిచేశాను. ఎన్నాళ్లకో అలా అరిచాను.

మంచం మీద అత్త కదిలింది.

"వచ్చినాడా?" అంది.

చేతిలోని స్క్రూడ్రైవర్ ఫ్యానుకు తగిలి టంగుమంది.

"వాన్ని తిట్టొద్దమ్మా. సేసుకోనీ. వాడు సేస్తే అయితాది," అంది. ముఖమంతా నవ్వే.

లేదత్తా, నేనే అని చెప్పాలి. చెబితే మళ్లీ ఆ గుండెలు బాదుకోవడం. చెప్పకపోతే, చనిపోయిన మనిషిని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టినట్టు. ఏదీ తేల్చుకోలేక తల వంచుకుని పని చేశాను. పేలిక విప్పబుద్ధి కాలేదు. అయినా విప్పి టేపు చుట్టాను, కొత్త కండెన్సర్ బిగించాను. స్విచ్ వేయగానే ఫ్యాను తిరిగింది.

గాలి తగలగానే అత్త చెయ్యి చాచింది. "ఇట్లా రాప్పా. సెయ్యి ఇయ్యి."

ఎలా లేచానో తెలియదు, గ్రీజు అంటిన నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. వాసన చూసింది. కళ్లకద్దుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా తడిమింది.

"ఎంత సన్నబడినావు నాయనా," అంది.

నేను నోరు విప్పలేదు. విప్పితే గొంతు పట్టిచ్చేస్తుంది. ఆయన కర్మరోజు తీసేసిన గాజులు నేను మళ్లీ వేసుకోలేదు. ఆమె వేళ్లకు ఏదీ అడ్డు తగల్లేదు.