అక్క ఖాళీగా వదిలిన గడి

జూలై ఎనిమిది, మంగళవారం. బట్టలు రెండు వాయిలు ఉతికాను. ఒకటి ఆరేశాను, రెండోదానికి వాన అడ్డం వచ్చింది. ఫ్రిజ్ కింది అర తుడిచాను. కరెంటు బిల్లు కట్టాను. ఇడ్లీకి పప్పు నానబెట్టాను. పదకొండున్నరకు ఎదురింటి బావగారు, అంటే అక్క భర్త, ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా" అన్నారు. నా పుస్తకంలో ఆ రోజు పేజీ అక్కడితో ఆగిపోయింది. పప్పు మర్నాటికి పులిసి వాసన వస్తే పారబోశాను.

దేశం దాటి వచ్చి మేం స్థిరపడ్డ ఈ గిరావీన్ పేటలో మా వీధివాళ్ళకే కాదు, ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఆవిడ అక్కే. వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. నిజానికి వరసకు ఎవరికీ ఏమీ కాదు. ఆవిడది కరీంనగర్ వైపు, మాది తెనాలి. పద్నాలుగేళ్ళు ఎదురెదురు ఇళ్ళలో ఉన్నాం. ఆవిడ గురించి రాయడానికి నాకంటే దగ్గరివాళ్ళు ఉన్నారు. అయినా నేనే రాస్తానని అడిగి పుచ్చుకున్నాను. మూడేళ్ళ కింద అక్క గురించి మీలో కొందరికి నేనొక మాట చెప్పాను. అది తప్పు. ఆ సంగతి కూడా ఇందులోనే రాయాలి.

ఏటా జూలై మొదటి శనివారం మధ్యాహ్నం అక్క వాళ్ళ గరాజ్ రోలర్ డోర్ సగం పైకి లేచేది. లోపల మడత బల్ల, కాళ్ళ దగ్గర చిన్న హీటరు, ఫ్లాస్కులో చాయ్, ఒక పళ్ళెం నిండా మిరపకాయ బజ్జీలు. అక్కకు ఒకప్పుడు ఎవరో ట్యాక్స్ ఏజెంట్ దగ్గర ఫైళ్ళు సర్దిన అనుభవం ఉంది. తర్వాత వృద్ధుల హోమ్‌లో పనికి కుదిరింది గానీ ఆ విద్య మరిచిపోలేదు. ఏటా వేసే పన్ను రిటర్న్ ఎలా వేయాలో తెలియని కొత్త కుర్రాళ్ళు, తెలిసినా భయపడే పాతకాపులు అందరూ లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని వచ్చేవారు. అక్క జడముడిలో గుచ్చుకున్న పెన్ను తీసి, దాని వెనక కొసతో కాలిక్యులేటర్ నొక్కేది. కాగితాలతో మాట్లాడేది. కనబడని రసీదు దొరికితే, "ఏందిరా, నువ్వు గీడ దాక్కున్నవా" అని దాన్ని చూపుడు వేలితో ఒకటి కొట్టేది.

ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. లేచేవాళ్ళకు ఒక్క మాటే చెప్పేది.

"రిఫండ్ వచ్చినంక నీకు బుద్ధయినంత ఎవలకన్న ఇయ్యి. ఎవలకిచ్చినవో, ఎంతిచ్చినవో నాకు చెప్పకు. చెప్తే నాకు లెక్కయితది."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇక్కడ దానాల కోసం గుర్తింపు పొందిన సేవాసంస్థకు రెండు డాలర్లకు తగ్గకుండా ఇస్తే, రసీదు ఉంటే, రిటర్న్‌లో దానాల గడి ఒకటి ఉంది, అందులో రాసుకోవచ్చు. ఆ మేరకు పన్ను కొంత తగ్గుతుంది. ఎవరూ బలవంతపెట్టరు. రాసుకునేవాళ్ళు రాసుకుంటారు. అక్క ప్రతి నెలా జీతం పడగానే, ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్ళకు నీడనిచ్చే ఒక సంస్థకు పంపేది. ఆ రసీదులన్నీ రబ్బరు బ్యాండు వేసి బిస్కెట్ల డబ్బాలో పడేసేది. ఏడాదికొక బ్యాండు. అంతే ఆవిడ పద్ధతి.

నా పద్ధతి వేరు. నెలకొక ప్లాస్టిక్ కవరు, వాటికి రంగు చీటీలు, ఏ కాగితం అడిగినా అర నిమిషంలో తీసి ఇస్తాను. మా ఇంటి లెక్కలు ఇరవై రెండేళ్ళుగా నా చేతి రాతలోనే ఉన్నాయి. రిటర్న్ మాత్రం మా ఆయన పేరు మీద. సంపాదన లేనిదాన్ని, నాకు రిటర్న్ ఎక్కడిది? అయినా మా ఆయన, నేను కట్టి ఇచ్చిన ఫైలు పట్టుకుని రోడ్డు దాటి ఆ గరాజ్‌కే వెళ్ళేవారు.

"నేను చూశాను కదండీ?" అనేదాన్ని.

"నువ్వు చూశావులే. అక్క కూడా ఒకసారి చూస్తే నిశ్చింత" అనేవారు.

ఆ 'కూడా' నాకు పన్నెండేళ్ళు గుచ్చుకుంది. మా అమ్మాయికి మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు అది కూడా అక్కడికే పరుగెత్తింది. ఎందుకే అంటే, "ఆంటీ మేక్స్ ఇట్ ఫన్, అమ్మా. నువ్వు చేస్తే ఇట్స్ లైక్ యాన్ ఆడిట్" అంది. అక్క బజ్జీల్లో వాము ఎక్కువ వేస్తుందని నేను అంటే, అందుకే బాగుంటాయని తండ్రీ కూతుళ్ళు ఒక్క గొంతుతో అన్నారు.

మూడేళ్ళ కింద ఆ జూలైలో, ఫైలు మా ఆయన చేతికి ఇవ్వకుండా నేనే తీసుకెళ్ళాను. దానాల గడిలో ఏమేమి రాయాలో ఒక తెల్లకాగితం మీద టైపు చేసి మరీ పెట్టాను. గరాజ్‌లో ఏడెనిమిది మంది ఉన్నారు. అక్క ఆ కాగితం చదివి, ముందు మెచ్చుకుంది. "మా చెల్లె కాయితం జూడున్రి, పెళ్ళి పత్రికలెక్క లేదూ!" అంది. తర్వాత పెన్ను తీసింది.

"ఇది గుడిల అన్నదానానికి ఇచ్చింది కదనే. గీడ నడువదు. ఆ గుడి ఆ లిస్టుల లేదు. దేవుడు రాసుకుంటడు గని వీళ్ళు రాసుకోరు."

"రసీదు ఉంది కదా అక్కా" అన్నాను.

"ఉండనీ. మరి గిదేంది, డిన్నర్ టికెట్టా? ఆ సంస్థ మంచిదే. గని మనం పోయి బిర్యానీ తినొస్తిమి గదా. తిరిగి ఏదన్న వస్తే అది దానం గాదు చెల్లె."

"రెండుసార్లు వడ్డించుకున్నారు కూడా ఆంటీ!" అని ఒక కుర్రాడు అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు. అక్క కూడా నవ్వింది, పళ్ళెం నా వైపు జరిపింది. నేను బజ్జీ తీసుకోలేదు. నా కాగితం మీద రెండు అడ్డగీతలతో రోడ్డు దాటి ఇంటికి వచ్చాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆ తర్వాత శ్రావణ శుక్రవారం తాంబూలానికి పదిమందిమి ఒకచోట చేరాం. ఎవరో అక్క నెలనెలా పంపే డబ్బు సంగతి ఎత్తి, "ఆవిడది ఎంత పెద్ద మనసో!" అన్నారు. నేను పసుపు గిన్నె అందిస్తూ, "ఏమోనండీ. ఇచ్చినదంతా ట్యాక్స్‌లో తిరిగి వస్తుంది. తిరిగి వచ్చేది దానం కాదని ఆవిడే అంటుంది" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. లెక్క తెలియక అన్నది కాదు. ఇచ్చినదంతా తిరిగి రాదని, అందులో ఐదోవంతు వస్తే గొప్పని నాకు తెలుసు. తెలిసే అన్నాను. లెక్కల మనిషి చెప్పింది కదా అని విన్నవాళ్ళు నమ్మారు.

నెల తిరగకుండా అది వీధి చివరికీ, అక్కడి నుంచి అక్క దాకా వెళ్ళింది. వినాయక చవితినాడు ఒకావిడ నా ఎదురుగానే, "అక్కా, ఈసారి ఎంత తిరిగొచ్చిందేమిటి?" అని సరదాకి అడిగింది. అక్క "మస్తుగొచ్చింది, నీకేమన్న కావాల్నా?" అని నవ్వేసింది. నా వైపు చూడలేదు. మర్నాడు పొద్దున మక్క గారెలు గిన్నె నిండా తెచ్చి మా గడప దగ్గర పెట్టి వెళ్ళింది. నాకు కోపం వచ్చింది. తప్పు చేసినదాన్ని నేనైతే గారెలు తెచ్చేది ఆవిడా! గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు నిమ్మకాయలు వేసి పంపాను.

తర్వాత ప్రతి జూలైలోనూ గరాజ్ తెరుచుకుంది. నేను వెళ్ళలేదు. మా ఆయన వెళ్ళారు. ఈ ఏడు ఆ మొదటి శనివారం రోలర్ డోర్ లేవలేదు. అక్కకు ఆయాసంగా ఉంది, వచ్చే వారం అన్నారు. వచ్చే వారం రాకముందే ఆ ఫోన్ వచ్చింది.

దినాలకు వచ్చినవాళ్ళను చూశాను. వృద్ధుల హోమ్ నుంచి తెల్లవాళ్ళు ముగ్గురు, ఎప్పుడో రిటర్న్ వేయించుకుని ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్న కుర్రాడు ఒకడు, నేను పేరు కూడా ఎరగని ఆడవాళ్ళు. నేను పోతే ఎంతమంది వస్తారా అని లెక్క వేసుకున్నాను. ఇంటికి వచ్చాక మా అమ్మాయి నా పక్కన కూర్చుని, "అమ్మా, ఆర్ యూ జెలస్ ఆఫ్ హర్? ఈవెన్ నౌ?" అంది. అవునని చెప్పాను.

ఆగస్టులో బావగారు బిస్కెట్ల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు, కాగితాలంటే భయం.

"అమ్మా, అక్కది ఆఖరి రిటర్న్ వెయ్యాలంట. పోయినోళ్ళది కాయితం మీదనే రాసి పంపాలంటున్నరు. నీ దగ్గరికే పొమ్మని మా ఆమె ఎప్పుడో చెప్పింది. 'నాకేమన్న అయితే చెల్లెకియ్యి, నాకంటే సుద్ధంగ జేస్తది' అన్నది."

ఆ మాట ఆవిడ నాతో ఒక్కసారి అని ఉంటే ఎంత బాగుండేది! నాకు చెప్పవలసిన మాట ఆయనకు చెప్పి వెళ్ళిపోయింది.

డైనింగ్ టేబుల్ మీద డబ్బా బోర్లించి ఏడాదివారీగా పేర్చాను. పాత రిటర్న్‌ల నకళ్ళు కూడా అందులోనే ఉన్నాయి. మొదటి వాటిలో దానాల గడిలో అంకెలు ఉన్నాయి, రసీదులతో సెంటు తేడా లేకుండా. మూడేళ్ళ కిందటి దాంట్లో ఆ గడి ఖాళీ. తర్వాత ఏడాదీ ఖాళీ. నిరుడూ ఖాళీ. రసీదులు మాత్రం నెలకొకటి చొప్పున బ్యాండు కింద ఉన్నాయి. అక్క తన రిటర్న్ అందరివీ అయ్యాక అక్టోబరులో వేసుకునేది. అంటే, నా మాట చేరిన తర్వాత.

"ఇవి ఎందుకు రాయలేదు బావగారూ?" అని అడిగాను, అడగకుండానే తెలిసినా.

"నేనూ అడిగిన. 'మల్ల ఎవలన్న అంటరు, వద్దు తియ్యి' అన్నది. ఎక్స్‌ట్రా షిఫ్టులు జేసింది ఆ పైసలకు."

నేను టీ పెట్టే నెపంతో లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను. "ఆ మాట అన్నది నేనే బావగారూ" అన్నాను.

ఆయన రబ్బరు బ్యాండు ఒకటి వేలికి చుట్టుకున్నారు. తర్వాత, "ఎరుకనేనమ్మా. ఆమెకూ ఎరుకనే. 'నలుగురి ముంగట చెల్లెను నేను అట్ల అనకుంట ఉండాల్సింది' అని గారెలు జేసుకొచ్చింది నీకు" అన్నారు.

క్షమించేటప్పుడు కూడా నన్ను ఒక మాట అడగలేదు. అందులోనూ నాకంటే ముందు నడిచింది.

ఆ మధ్యాహ్నం నల్ల పెన్నుతో, గడికొక అంకె చొప్పున, ఈ ఏడాది రిటర్న్ రాశాను. దానాల గడి నింపాను. బావగారు వద్దన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. అది అక్క కష్టం, చట్టం ఇచ్చిన హక్కు. వెనక రెండేళ్ళవి సవరించడానికి ఇంకా గడువు ఉంది, ఆ కాగితాలూ పూర్తి చేశాను. గడి ఖాళీగా వదిలిన మొదటి ఏడాదిది మాత్రం గడువు దాటిపోయింది. ఆ ఏడాది ఇచ్చినది ఏడువందల ఇరవై డాలర్లు. దాని మీద తిరిగి రావలసినది లెక్క కట్టాను. నూట యాభై ఒక్క డాలర్ల ఇరవై సెంట్లు. అది నా నోటి వల్ల పోయింది.

ఇంటి ఖర్చులోంచి తీయలేదు. పుట్టినరోజుకు మా అమ్మాయి ఇచ్చిన డబ్బు ఉంటే, అందులోంచి కవరులో పెట్టి ఆదివారం రోడ్డు దాటాను. బావగారు గరాజ్‌లో ఉన్నారు. రోలర్ డోర్ సగం పైకి ఉంది. మడత బల్ల ఇంకా మడిచి పెట్టలేదు, హీటరు కూడా దాని కిందే ఉంది. సంగతి చెప్పి కవరు ఇస్తే, ఆయన బల్ల మీద కుమ్మరించి చూసి, "ఇరవై సెంట్లు గూడ పెట్టినవా!" అని, పోయిన నెలన్నరలో మొదటిసారి నవ్వారు.

"రసీదు రాసియ్యాల్నా?"

"రాయండి" అన్నాను.

ఆయన పక్కనున్న అలమర సొరుగులో వెతికి అక్క పెన్ను తీశారు. కొస నమిలి ఉంది, దానికి ఒక పొడుగాటి వెంట్రుక ఇంకా చుట్టుకుని ఉంది, సగం నెరిసింది. ఆయన దాన్ని తీయకుండానే రాశారు.

డబ్బు ఆయన చేతికి ఇచ్చాను. మాట ఎవరి దగ్గర పారేశానో వాళ్ళ ముందే సరిచేయాలి గనుక ఇక్కడ రాస్తున్నాను. డబ్బు తిరిగి వస్తుందని అక్క ఇవ్వలేదు. నా మాట పడ్డాక, తిరిగి రావలసినది కూడా వదులుకుంది.

సెప్టెంబరు పదమూడు, శనివారం. దుప్పట్లు ఉతికాను. కరివేపాకు మొక్క కుండీ మార్చాను. మధ్యాహ్నం ముగ్గురు రిటర్న్ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. బజ్జీలు వేశాను, వాము ఎక్కువే వేశాను. అయినా అక్క చేతి బజ్జీల్లా లేవన్నారు. ఎదురింటికి బాకీ, నూట యాభై ఒకటి ఇరవై: తీరింది. రసీదు ఉంది.