రాజన్న వంట

ప్రపంచ కప్పు పనుల మీద దోహా వెళ్ళినప్పుడు, లుసైల్ నుంచి నజ్మా వెళ్ళే బస్సులో నా తెలుగు విని ఒకాయన పలకరించాడు. జగిత్యాల రాజన్న. పక్కన కూర్చోబోతే జరిగిపోయాడు.

"దూరం కూసోండ్రి సార్, బట్టలు పొగ వాసనస్తయ్."

హోటల్లో గొడ్డు మాంసాన్ని రోజంతా కట్టెల పొగలో మగ్గబెట్టడం అతని డ్యూటీ. ఇంటివాళ్ళకు మాత్రం హోటల్లో కూరగాయలు వండుతానని చెప్పాడట. ఇంతలో భార్య వీడియో కాల్ చేసింది.

"ఇయ్యాల ఏం వండినవ్?"

"ఆలుగడ్డ కూర," అని తల దించుకున్నాడు. "పక్కన మన తెలుగు సారున్నడు, మాట్లాడు," అంటూ ఫోన్ నాకిచ్చేశాడు.

"అన్నా, ఆయన పెద్దకూర వండుతడని నాకెరుకే. సిగ్గువడతడని అడుగుతలేను. పొగకు కండ్లు ఎర్రగైనయ్, డాక్టరుకు సూపెట్టుకొమ్మనుండ్రి," అందామె.

ఆ మాటలు రాజన్నకూ వినపడ్డాయి. తువ్వాలుతో ముఖం కప్పుకుని కిటికీ వైపు తిరిగిపోయాడు.