శాంతయ్య సింథసైజరు మీద చెయ్యి పెట్టరాదు

పత్తికొండ శాంతయ్యకు కోపం తెప్పించాలంటే ఎవరూ పెద్ద తప్పు చేయనక్కరలేదు. ఆయన సింథసైజరు మీద చెయ్యి పెడితే చాలు. అది ఎప్పటిదో పాత జపాను సరుకు. మీటలు పసుపుబారాయి, ఒక మూల పగిలింది. చర్చిలో దాన్ని వాయించేది ఆయనొక్కడే. దాని జోలికి వెళ్ళి తిట్లు తినకుండా బయటపడ్డవాళ్ళు ఆ సంఘంలో లేరు.

ఒకసారి పాస్టరుగారు దుమ్ము కనిపించి, మంచి మనసుతోనే తువ్వాలుతో తుడవబోయారు. "అయ్యగారూ, మీరు వాక్యం చూసుకోండి, దుమ్ము సంగతి నేను చూసుకుంటా" అని అందరి ముందూ కసిరాడు. ఒక పెళ్ళికొడుకు ముచ్చటపడి ఒక్క మీట నొక్కితే, "నీ పెండ్లాం చెయ్యి పట్టుకోప్పా! దీనిమీద ఎందుకు పెడతాండావు?" అన్నాడు. బస్సు కండక్టరు దాన్ని వెనక సామాన్లలో వేయమన్న పాపానికి కోడుమూరు దాటేదాకా తిట్లు తిన్నాడు.

అలాంటి మనిషి సింథసైజరును ఒళ్ళో పెట్టుకొని కర్నూలులో ఉమామహేశ్వర రికార్డింగు గదికి వచ్చాడంటే, ఆపద పెద్దదే అయి ఉండాలి. ఉమామహేశ్వర మగ్గాల ఇంట్లో పుట్టి మైకుల వ్యాపారంలోకి వచ్చినవాడు. ఏటా క్రిస్మస్‌కు ఆ చర్చికి మైకులు పెట్టేది అతనే కాబట్టి శాంతయ్య తిట్లు అతనికి కొత్త కాదు.

"లోపల బిళ్ళ బ్యాటరీ పోతాండాదంట" అన్నాడు శాంతయ్య మండిపడుతూ. "అది పోతే నేను చేసుకున్న సౌండ్లన్నీ పోతాయంట. కొత్తది ఏసినా పోతాయంట! ఇదేం న్యాయమప్పా? గుండె ఆపరేషన్ చేపిచ్చుకున్నోడు పెండ్లాం పేరు మర్చిపోతాడా?"

"ముందు సౌండ్లు కంప్యూటర్‌లోకి దించుకుందామన్నా. బ్యాటరీ మార్చినాక మళ్ళా ఎక్కిస్తా."

"నీ కంప్యూటర్ చెడిపోతే?"

"పెన్‌డ్రైవ్‌లో గూడా పెడతా."

"అది పోతే?"

ఉమామహేశ్వర కేబుల్ తీశాడు.

"చెయ్యి తియ్యి! యాడ పెట్టల్లో చెప్పు, నేనే పెడతా" అన్నాడు శాంతయ్య. పెట్టాడు కూడా, తలకిందులుగా. కంప్యూటర్‌లోకి ఒక్క సౌండూ రాలేదు. తప్పంతా కంప్యూటర్‌దేనని దాన్ని కాసేపు తిట్టాడు. ఉమామహేశ్వర కేబుల్ తిప్పి పెట్టాక సౌండ్లన్నీ బుద్ధిగా దిగాయి. అతను స్క్రూడ్రైవర్ బయటికి తీయగానే శాంతయ్య ముఖం పాలిపోయింది. "దాని పొట్ట కోస్తాంటే నేను చూడలేనప్పా" అని టీ అంగడికి వెళ్ళిపోయాడు.

బ్యాటరీ మార్చాక ఉమామహేశ్వర కంప్యూటర్‌లో ఉన్న సౌండ్లను ఒక్కొక్కటిగా విన్నాడు. వింటున్నకొద్దీ ఒళ్ళు మండింది. ఒకటి శ్రుతి దిగి ఉంది. ఇంకొకటి మరీ దిగింది. వేరొకటి పైకెక్కి కూర్చుంది. సగానికి సగం అపస్వరమే! ఇన్నేళ్ళుగా ఇంతమంది చేత ఈ అపస్వరానికి పాడిస్తున్నాడా? చెవులున్న మనిషేనా? పైగా ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వడు! ఆ కోపంలోనే కూర్చొని అన్నింటినీ శ్రుతికి తెచ్చి, సరిచేసినవాటినే సింథసైజరులోకి ఎక్కించాడు. చెబితే తిడతాడని చెప్పలేదు. వింటే మెచ్చుకోకపోతాడా అనుకున్నాడు.

ఆ మెప్పు స్వయంగా అందుకుందామని ఆదివారం పత్తికొండ వెళ్ళి, చర్చిలో వెనక కూర్చున్నాడు.

జీవమ్మ పాటకు లేచింది. టమోటా మార్కెట్‌లో కాయలు ఏరి ఏరి నడుము వంగిన ముసలమ్మ. వారమంతా ఆమె ఎదురుచూసేది ఈ ఒక్క పాట కోసమే. శాంతయ్య ఆమె కోసం ఎప్పుడూ నొక్కే మీట నొక్కాడు. మొదటి చరణం సగమైనా కాకముందే పాట ఒక దారిన, వాయిద్యం ఒక దారిన పోయాయి. కుర్రకారు కిసుక్కుమంది. జీవమ్మ ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "నా పని అయిపోయినట్టుండాది. ఇంగ నేను పాడనయ్యా" అంటూ కూర్చోబోయింది.

శాంతయ్య చివాలున లేచి, సింథసైజరు మీద చెయ్యెత్తి ఫట్టున ఒక్కటి వేశాడు. సంఘమంతా నోరు తెరిచింది.

"నీ గొంతుకేం కాలేదక్కా! ఈ పనికిమాలిన డబ్బానే చెడిపోయింది!" అని అరిచి, వెనక్కి చూసి, ఉమామహేశ్వరను చొక్కా పట్టుకొని బయటికి లాక్కుపోయాడు.

"నిన్ను ఎవరప్పా సరిచేయమన్నది?"

"శ్రుతి దిగిపోయింటే..."

"దిగనీ! ఆమె గొంతు ఏటికేడు దిగుతాండాది. ఆయమ్మకు తెలియకుండా నేను ఎనకాలే దించుకుంటా వస్తాండా. మన సంఘంలోనే పాడే శివన్న గొంతు పాడేకొద్దీ ఎక్కుతాది, వానికొకటి చేసిపెట్టినా. ఎవరి గొంతుకు వాళ్ళ సౌండు. ఎవడన్నా చెయ్యి పెట్టి మారిస్తే ఇట్ల నవ్వులపాలైతారనే గదప్పా నా భయం! ఇప్పుడామె పాడనంటాండాది. ఆమె పాడకపోతే నిన్ను ఊరు దాటనీను!"

ఉమామహేశ్వరకు సిగ్గేసింది. అదృష్టం బాగుండి, సరిచేయకముందు పెన్‌డ్రైవ్‌లో పెట్టిన సౌండ్లూ, ఎక్కడికెళ్ళినా వెంట తెచ్చుకునే ల్యాప్‌టాప్ కంప్యూటరూ సంచిలోనే ఉన్నాయి. పాస్టరుగారు ప్రార్థన కాస్త పొడిగించారు. ఆ సందులో పాత సౌండ్లను తిరిగి ఎక్కించాడు.

శాంతయ్య బతిమాలాడు, కసిరాడు, చివరికి మళ్ళీ బతిమాలాడు. జీవమ్మ లేచింది. ఈసారి పాటా వాయిద్యమూ చెయ్యీ చెయ్యీ పట్టుకొని చివరిదాకా నడిచాయి. చప్పట్లు మోగాయి. శాంతయ్య మాత్రం చప్పట్లు చాలలేదన్నట్టు కుర్రకారును గుడ్లురిమి చూశాడు.

ఆరాధన అయ్యాక జీవమ్మ ఉమామహేశ్వరను గోడపక్కకు పిలిచింది.

"నాయనా, నీకొక మాట చెప్తా, శాంతయ్యతో అనొద్దు. ఆయప్పకు శ్రుతి తెలీదు, పాపం. శానా ఏండ్లుగా తక్కువలోనే వాయిస్తాండాడు. చెప్తే యాడ నొచ్చుకుంటాడో అని, నేనే ఆయప్ప డబ్బాకు తగినట్టు గొంతు దించుకొని పాడతాండా. ఈ పొద్దు ఉన్నట్టుండి సరిగ్గా వాయించేసరికి తడబడిపోయినా."

ఉమామహేశ్వర ఆమె వంక చూశాడు. తలుపులోంచి లోపల సింథసైజరుకు గుడ్డ కప్పుతున్న శాంతయ్య వంక చూశాడు. ఇన్నేళ్ళుగా ఒకరి కోసం ఒకరు దిగుతూ పోయిన వీళ్ళ మధ్య తిట్లు మాత్రం తనకా? ఎంత అన్యాయం!

"చెప్పనవ్వా" అన్నాడు, నవ్వు ఆపుకోలేక.